మెడనొప్పి - నా రిజిస్టరు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టువారు నకారా కేసులో తీర్పు చెప్పి, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, మనం చేసిన సేవకు మన హక్కు అని తేల్చారు. ఆ సంగతి నాకంటే బాగా చెప్పగలవారు ఇందాకే మాట్లాడారు. కరువుభత్యం బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. నా వంతుకు ఆరోగ్యం వచ్చింది. "మీరు మెడ వ్యాయామాల గురించి చెప్పండి. మనవాళ్ళలో మెడ పట్టెయ్యనివాడు లేడు" అని ఆయన ఫోనులో అన్నారు. సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో చివరలో మనవి చేస్తాను.

నేను డాక్టరును కాను. 1973లో టైపిస్టుగా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయినవాడిని. మధ్యలో ఆగిపోయిన ప్రమోషను కథ ఇప్పుడు వద్దు. మా రోజుల్లో ఒక్కో కాగితానికి నాలుగైదు కార్బన్లు పెట్టి కొట్టేవాళ్ళం. అడుగు కాపీలో అక్షరం పడాలంటే వేలితో కొడితే చాలదు, జబ్బతో కొట్టాలి. అసెంబ్లీ ప్రశ్నలు వచ్చిన వారంలో అయితే చెప్పక్కర్లేదు. ఒక చెవికీ భుజానికీ మధ్య ఫోను, ఎదురుగా మిషను, పక్కన నిలబడి "అయిందా, అయిందా" అనే ఆఫీసరుగారు. ఆ వారం రోజులూ నా భుజాలు చెవుల దగ్గరే ఉండేవి. పని అయిపోయినా అవి కిందికి దిగడం మర్చిపోయాయి. నా రోగానికి మూలం అదేనని నా నమ్మకం.

కుడి చెవి వెనకనుంచి రెక్క ఎముక పైమూల దాకా ఒక తాడు బిగించినట్టుండేది. రిటైరయ్యాక తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. 2017 వచ్చేసరికి స్కూటరు మీద వెళ్తూ వెనక వచ్చే లారీని చూడటానికి మెడ తిరిగేది కాదు, నడుముతో సహా మొత్తం మనిషిని తిరగాల్సి వచ్చేది. ఒకసారి అలా తిరగబోయి హ్యాండిలు కూడా తిప్పి కాలవగట్టు మీదకి వెళ్ళాను. మరునాడే స్కూటరు అమ్మించేసింది మా ఆవిడ.

ఎక్స్‌రే తీయించాను. "మెడ ఎముకలు అరిగాయి, స్పాండిలోసిస్" అన్నారు. కాలరు ఇచ్చారు. ఇక్కడున్న చాలామంది ఇళ్ళలో ఆ కాలరు ఏదో ఒక మేకుకి వేలాడుతూ ఉంటుంది. తర్వాత తెలిసిందేమిటంటే, అరవై దాటినవారిలో చాలామందికి, ఏ నొప్పీ లేనివారికి కూడా, ఎక్స్‌రేలో ఆ అరుగుదల కనిపిస్తుంది. తల నెరిసినట్టే అదీను. కాబట్టి ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పి దానివల్లనే అని చెప్పడానికి లేదు. కాలరు నెలల తరబడి పెట్టుకుంటే మెడ కండలు పనిలేక ఇంకా బలహీనపడతాయి. సుమారు 5 కిలోల తలను రోజంతా మోసేవి ఆ కండలే.

మనవాళ్ళు "మెడ నరం పట్టేసింది" అంటారు. చాలాసార్లు పట్టేసేది నరం కాదు, కండ. నరం నొక్కుకుంటే నొప్పి చేతిలోకి దిగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కండ పట్టేస్తే వేలితో నొక్కి "ఇదిగో ఇక్కడే" అని చూపించవచ్చు. అలా పట్టేసే కండలు ముఖ్యంగా రెండు. ఒకటి, మెడ నుంచి భుజం మీదుగా వీపు మీదకి పరుచుకునే ట్రపీజియస్. రెండోది, మెడ పక్కనుంచి దిగి రెక్క ఎముక పైమూలకు అతుక్కునే లెవేటర్ స్కాపులే. పేరు నోరు తిరగదు గాని అర్థం సులువే, రెక్క ఎముకను పైకి ఎత్తేది అని. ఆఫీసరుగారు పక్కన నిలబడితే భుజాన్ని చెవి దగ్గరికి చేర్చేది ఈ రెండూ కలిసే.

మా వీధిలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఉంది. నన్ను "బాబాయిగారూ" అంటుంది. 2018లో ఆమె దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, ఒకరు లాగమంటారు, ఒకరు లాగొద్దంటారు, ఒకరు తిప్పమంటారు. ఏది నిజం?" అన్నాను. చేతులు, వేళ్ళు, నడక అన్నీ పరీక్ష చేసింది. "మీకున్నది కండ నొప్పే. మూడు నాలుగు పద్ధతులు చూపిస్తాను. ఒక్కోటి కొన్ని వారాలు చేసి మీరే రాసుకోండి. మీరు గుమాస్తా కదా" అంది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. 200 పేజీల లాంగ్ నోటుబుక్కు కొని గీతలు కొట్టాను. తేదీ, పద్ధతి, చేయకముందు నొప్పి పదికి ఎంత, చేశాక ఎంత, మరునాటి పొద్దున ఎంత, మెడ ఎంత తిరిగింది. ఈ ఆఖరి కాలమ్ కోసం హాల్లో కుర్చీ ఒక చోట స్థిరంగా వేసి, కుడివైపు గోడమీద సుద్దముక్కతో వరసగా గీతలు గీశాను. ఎన్నో గీత దాకా కనిపిస్తే అన్ని మార్కులు. పండక్కి సున్నం వేయించాల్సిన గోడ అది. మా ఆవిడ ఏమందో ఇక్కడ చెప్పను.

మొదట నేను చేసింది ఆమె చూపించిన పద్ధతి కాదు, నాకు వచ్చిన పద్ధతి. బళ్ళో డ్రిల్లు మాస్టారు నేర్పినది. ఒన్, టూ, త్రీ, ఫోర్ అంటూ మెడను కుదుపుతూ అటూ ఇటూ కొట్టడం. తొమ్మిది రోజులు చేశాను. నొప్పి 6 నుంచి 7కి ఎక్కింది. ఎందుకంటే, కండలో దాని పొడవును కనిపెట్టే చిన్న కాపలాదారులున్నారు. ఒక్కసారిగా లాగితే "తెగిపోతుంది" అని వాళ్ళు కేక వేస్తారు, కండ వెంటనే బిగుసుకుంటుంది. డాక్టరు మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగిరేది ఇందుకే. బిగుసుకున్నదాన్ని వదిలించబోయి ఇంకా బిగించుకున్నానన్నమాట. పాతికేళ్ళ కుర్రవాడు ఆటకు ముందు ఏం చేస్తాడో నాకు తెలియదు, మన వయసుకు మాత్రం కుదుపు పనికిరాదు.

రెండోది పట్టి ఉంచే సాగదీత. నొప్పి కుడివైపు ఉందనుకోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని కుడిచేత్తో కుర్చీ అంచు పట్టుకోవాలి. అలా పట్టుకుంటే భుజం పైకి లేవదు. అది లేస్తే ఇక సాగదీతే లేదు. తల ఎడమ భుజం వైపు వంచి, ఎడమచెయ్యి తలమీద ఊరికే వేయాలి. లాగకూడదు, చేతి బరువు చాలు. ఇది ట్రపీజియస్‌కు. లెవేటర్‌కు అయితే ముఖం సగం ఎడమకు తిప్పి, ఎడమ చంక వాసన చూస్తున్నట్టు తల కిందికి దించాలి. ఈ తేడా చాలామందికి తెలియదు. ముఖం తిప్పకుండా ఎంత వంచినా రెండో కండకు సరిగా అందదు. నాకు తాడులా బిగిసింది అదే, ఏళ్ళ తరబడి నేను లాగుతూ వచ్చింది మొదటిదాన్ని.

ఎంతసేపు పట్టి ఉంచాలి అన్నదానికి లెక్కలున్నాయి. మా మనవడు కంప్యూటరులో వెతికి ప్రింట్లు తీసి ఇచ్చాడు. పడుచువాళ్ళ తొడ వెనక కండమీద 1994లో అమెరికాలో చేసిన పరిశీలనలో 30 సెకన్లు సరిపోయింది. 2001లో 65 దాటినవారిమీద అదే కండకు 15, 30, 60 సెకన్లు పెట్టి చూస్తే, 60 సెకన్లవారికి ఎక్కువ వంపు వచ్చింది, వచ్చినది ఎక్కువకాలం నిలిచింది. అది తొడ కండ, ఇది మెడ. నిజమే, ఒకదాని లెక్క ఇంకోదానికి యథాతథంగా వేయకూడదు. అయినా ముసలి కండకు కొంచెం ఎక్కువ వ్యవధి కావాలన్నది నమ్మదగినట్టే ఉంది. నేను 30తో మొదలుపెట్టి, రెండో వారానికి 60కి వచ్చాను. నాలుగు వారాల తర్వాత నొప్పి 6 నుంచి 4కి దిగింది. గోడమీద మూడు గీతలు పెరిగాయి. కాని మరునాటి పొద్దున కాలమ్ మాత్రం మొండికేసింది. రాత్రి 4, పొద్దున 5. చాలా రోజులు అంతే.

మూడో పద్ధతి నాకు కొత్త. దీని పూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. 1940లలో అమెరికాలో హెర్మన్ కాబాట్ అనే డాక్టరు, మార్గరెట్ నాట్ అనే ఫిజియోథెరపిస్టు, పోలియో మొదలైనవాటితో కండలు చచ్చుబడినవారికి ఒక చికిత్స తయారుచేశారు. దాని పేరు ప్రొప్రియోసెప్టివ్ న్యూరోమస్క్యులర్ ఫెసిలిటేషన్. నేను సర్వీసులో ఉండగా ఈ పేరు తగిలి ఉంటే రెండు లైన్లు ఖర్చయ్యేవి. అందులో ఒక భాగం, కండను ముందు బిగించి, తర్వాత వదిలించి, అప్పుడు సాగదీయడం. ఇదే పోలికలో, ప్రాగ్ నగరంలో కారెల్ లెవిట్ అనే డాక్టరు మరీ మెత్తని పద్ధతి ఒకటి వాడి, 1984లో డేవిడ్ సైమన్స్‌తో కలిసి దానిమీద వ్యాసం ప్రకటించారు. ఇందులో బలం అనేదే ఉండదు.

ఇలా చేయాలి. పైన చెప్పినట్టే కూర్చుని తల ఎడమకు వంచి, ఎక్కడ మొదటి పట్టు తగులుతుందో అక్కడ ఆగాలి. దాన్ని దాటకూడదు. ఎడమచెయ్యి తలమీదుగా కుడిచెవి పైన ఆనించాలి. ఇప్పుడు తలతో ఆ చేతిని కుడివైపుకి నెట్టాలి. ఎంత? చేతికీ తలకీ మధ్య ఒక కాగితం ఉంటే అది జారిపోకుండా ఆపేంత. చెయ్యి కదలదు, తల కదలదు. నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ పది సెకన్లు. తర్వాత ఊపిరి వదులుతూ నెట్టడం మానెయ్యాలి. అసలు పని ఇక్కడ జరుగుతుంది. మనం ఏమీ చేయకుండా ఉంటే తల తన బరువుకి తానే ఇంకొంచెం ఎడమకు దిగుతుంది. అది దిగేదాకా ఆగాలి, మనం దించకూడదు. కొత్త చోట మళ్ళీ పది సెకన్లు. ఇలా మూడు నాలుగు సార్లు చాలు.

నాకు మొదటి వారం చేతకాలేదు. నెట్టమంటే ఫైలు కప్‌బోర్డు నెట్టినట్టు నెట్టేవాడిని. "బాబాయిగారూ, ఆఫీసులో పని చేస్తున్నట్టు చేయకండి" అంది ఆ అమ్మాయి. వదలమంటే వదలడమూ చేతకాలేదు. వదిలాననుకునేవాడిని, ఆమె వేలు పెట్టి చూస్తే భుజం ఇంకా బిగిసే ఉండేది. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు కదా. పదో రోజున అనుకుంటాను, ఊపిరి వదిలేటప్పుడు తల దానంతటదే రెండంగుళాలు కిందికి జారింది. కుర్చీలో ఒక్కడినే ఉన్నాను, అయినా ఎవరో నా తల పట్టుకుని దించినట్టు ఉలిక్కిపడ్డాను.

నాలుగు వారాలకు రిజిస్టరు ప్రకారం నొప్పి 3. మరునాటి పొద్దున కూడా 3. గోడమీద ఇంకో రెండు గీతలు. అన్నిటికంటే, చేశాక వచ్చే సలుపు ఇందులో లేదు. అయితే ఆడిట్ పార్టీవారు ఇక్కడ తప్పకుండా అభ్యంతరం రాస్తారు. మొదటి నెల లాభం రెండో నెల ఖాతాలో పడిందేమో. అదీగాక అదే నెలలో నేను దిండు మార్చాను, శివరాత్రి వెళ్ళి చలి కూడా తగ్గింది. ఒక్క మనిషి, ఒక్క మెడ. కాబట్టి నా రిజిస్టరును సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు. పెద్ద పరిశీలనల్లో కూడా ఈ రెండు పద్ధతులకూ మధ్య తేడా అంత గొప్పగా ఏమీ ఉండదు. నా అభిప్రాయం ఏమిటంటే, మన వయసువారికి మూడోది మంచిది. ఫలితం ఎక్కువని కాదు. తప్పు చేసే అవకాశం తక్కువని. పట్టి ఉంచేదాంట్లో ఆత్రపడి లాగేసుకుంటాం. దీంట్లో లాగడానికి చోటే లేదు.

ఇలా చేస్తే కండ పొడుగు పెరుగుతుందనుకునేవారు. కొన్ని వారాల్లో కండ పొడుగు పెద్దగా మారదనీ, "ఇంతదాకా పరవాలేదు" అని నాడీమండలం ఒప్పుకునే హద్దు పెరుగుతుందనీ ఇప్పుడు చాలామంది పరిశోధకులు అంటున్నారు. అది అర్థమయ్యాక నేను బలవంతం పూర్తిగా మానేశాను.

ఇంకొక సంగతి ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తట్టలేదు. నొప్పి ఉన్న చోటే బిగువు ఉండాలని లేదు. ప్రాగ్‌లోనే వ్లాదిమిర్ యాండా అనే డాక్టరు దీన్ని వివరించారు. బల్లమీదికి వంగి పనిచేసేవారికి ఛాతీ ముందు కండలు, మెడ వెనక పైకండలు బిగుస్తాయి. రెక్కల మధ్య కండలు, మెడ ముందు లోపలి కండలు నీరసిస్తాయి. వీపున రెక్కల మధ్య నొప్పి అని మనం చేతులు ముందుకు చాచి వీపు సాగదీస్తాం. అవి ముందే సాగిపోయి, నీరసించి ఏడుస్తున్న కండలు. సాగదీయాల్సింది ఛాతీని. గుమ్మంలో నిలబడి మోచేతులు రెండు ద్వారబంధాలకు భుజం ఎత్తున ఆనించి ఒక అడుగు ముందుకు వేస్తే చాలు. అర నిమిషం. భుజం కీలు నొప్పి ఉన్నవారు మోచేతులు కొంచెం కిందికి పెట్టుకోవాలి.

సాగదీతతోనే సరిపోతుందా అంటే సరిపోదు. ఇది మన బోటివారిమీదే తేలింది. ఫిన్లాండులో దీర్ఘకాలంగా మెడనొప్పి ఉన్న 180 మంది ఆఫీసు ఉద్యోగినులను మూడు జట్లు చేసి ఒక ఏడాది చూసి 2003లో ప్రకటించారు. మెడకు, భుజాలకు బలం పెంచే వ్యాయామం చేసిన రెండు జట్లకూ నొప్పి బాగా తగ్గింది. సాగదీత, నడక వంటివి మాత్రం చేసుకోమన్న జట్టుకు అంత తగ్గలేదు. అక్కడివారే 2007లో, 125 మంది స్త్రీలమీద, ఇంట్లో చేసుకునే సాగదీతనూ థెరపిస్టు చేత్తో చేసే చికిత్సనూ పోల్చారు. రెండింటికీ ఉపశమనం ఇంచుమించు సమానమే. కాబట్టి వారానికి రెండుసార్లు డబ్బు పెట్టి మర్దనాకు వెళ్ళే స్తోమత లేనివారు చింతించనక్కర్లేదు. 2011లో డెన్మార్కువారు 198 మంది ఉద్యోగులను తీసుకుని, వారిలో ఒక జట్టుకు రబ్బరు ట్యూబు ఇచ్చి, రోజుకు రెండే నిమిషాలు, వారానికి అయిదు రోజులు, పది వారాలు చేయించారు. పన్నెండు నిమిషాలు చేసినవారికి దాదాపు సమానంగా వీరికీ నొప్పి తగ్గింది. వీరంతా ఉద్యోగంలో ఉన్న వయసువారు, మనకంటే చిన్నవారు. అందుచేత నేను పలుచని ట్యూబుతో, నెలకు కొంచెం చొప్పున పెంచుకుంటూ పోయాను. కాళ్ళకింద ట్యూబు తొక్కి, చేతులు పక్కలకి భుజం ఎత్తు దాకా. దానితోపాటు గడ్డం వెనక్కి జరపడం. తల పైకీ కిందికీ కాదు, సొరుగు మూసినట్టు తిన్నగా వెనక్కి. న్యూజిలాండులో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. ఇవి కలిపాకే, మూడు నెలలకు, నా రిజిస్టరులో మొదటిసారి సున్నా పడింది. 2019 ఏప్రిల్‌లో. ఇప్పటికీ నెలకు ఒకటి రెండు రోజులు 3, 4 వస్తూనే ఉంటుంది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. స్కూటరు మళ్ళీ కొనలేదు గాని, ఆటోలోంచి వెనక్కి తిరిగి చూడగలుగుతున్నాను.

చేయకూడనివి త్వరగా చెబుతాను. సెలూన్లో తల పట్టుకుని టక్కున విరవడం వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడ ఎముకల సందుల్లోంచి వెళ్తాయి. అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. బ్యూటీ పార్లర్లో తొట్టి అంచుమీద తల బాగా వెనక్కి వాల్చి కడిగించుకున్నాక మెదడు రక్తప్రసరణకు ఇబ్బంది కలిగిన అయిదుగురి సంగతి అమెరికాలో ఒక డాక్టరు 1993లో రాశారు. అరుదే, కాని మన వయసులో అరుదైనదాన్ని కూడా దూరం పెట్టడం మంచిది. మెడను గిరగిరా గుండ్రంగా తిప్పొద్దు. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టొద్దు. గోముఖాసనంలో చేతులు కలవకపోతే మధ్యలో తువ్వాలు పట్టుకోండి, తప్పులేదు. ఇంకొకటి, రెండు పవర్ల కళ్ళజోడు పెట్టుకుని టీవీ, సెల్‌ఫోను కింది అద్దంలోంచి చూసేవారు రోజంతా గడ్డం ఎత్తి ఉంచుతారు. ఎన్ని వ్యాయామాలు చేసినా ఆ మెడ బాగుపడదు. చదవడానికి వేరే జోడు చేయించుకోండి.

ఇక నేను ఈ ప్రసంగానికి ఎందుకు ఒప్పుకున్నానో చెప్పాలి.

నాకు నయమయ్యాక నేను ఊరుకోలేదు. కనబడినవారికల్లా నేర్పడం మొదలుపెట్టాను. నాతో ఇరవై ఏళ్ళు ఒకే సెక్షన్లో పనిచేసిన మిత్రులు ఒకరు 2022 సంక్రాంతి తర్వాత మెడనొప్పి అని మా ఇంటికి వచ్చారు. పేరు చెప్పను. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. నాకున్నదే ఆయనకూ అని తేల్చేశాను. నన్ను ఆ అమ్మాయి ముందు పరీక్ష చేసింది, తర్వాతే నేర్పింది. నేను పరీక్ష చేయలేదు, చేయడం నాకు రాదు, చేయించుకోమని చెప్పనూ లేదు. నా పాత రిజిస్టరులో ఖాళీ పేజీలకు ఆయన పేరు రాసి ఇచ్చాను. ఆయన నాకంటే శ్రద్ధగల మనిషి. ఒక్కరోజు మానలేదు. రెండు నెలల్లో నొప్పి 5 నుంచి 3కి వచ్చింది. నాకు ఎంత గర్వమో.

ఆ ఏప్రిల్‌లో ఆయన చెక్కు బ్యాంకువాళ్ళు తిప్పి పంపారు, సంతకం కలవలేదని. "మనకే మనం గుర్తుపట్టలేని సంతకాలు వచ్చాయి గురువుగారూ" అని ఇద్దరం నవ్వుకున్నాం. మే నెలలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య నాతో, "అన్నయ్యగారూ, ఈమధ్య ఈయన అన్నం కలుపుకోలేకపోతున్నారు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను" అంది. నేనేమన్నానో తెలుసా? "వయసమ్మా" అన్నాను. "వ్యాయామం మానొద్దని చెప్పు" అన్నాను.

జూలైలో ఆయన చీకట్లో బాత్‌రూముకి వెళ్తూ తూలి పడ్డారు. ఎమ్మారై తీశారు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి ఉంది. వెన్నుపాము నొక్కుకున్నప్పుడు నొప్పి పెద్దగా ఉండకపోవచ్చునట, తగ్గినట్టు కూడా అనిపించవచ్చునట. పోయేది చేతి నేర్పు, కాళ్ళ పట్టు. సెప్టెంబరులో ఆపరేషను చేశారు. ఇంకా దిగజారకుండా ఆపగలిగారు గాని పోయినదంతా తిరిగి రాలేదు. చెక్కు తిరిగి వచ్చిన రోజుల్లోనే వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరుగారు అన్నారు. నావైపు చూసి అనలేదు.

ఆ నోటుబుక్కు ఆయన దగ్గరనుంచి తెచ్చుకుని చాలాసార్లు చూశాను. అన్ని కాలమ్‌లూ సరిగ్గా నింపారు. నొప్పి తగ్గుతూ వచ్చింది. రాను రాను అంకెల చేతిరాత వంకరలు పోతూ వచ్చింది. నేను చూసింది అంకెను. రాతను చూడలేదు. ముప్ఫై అయిదేళ్ళు రాతలు చూసి ఇది ఎవరిదో చెప్పగలిగిన గుమాస్తాను.

అందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే వ్యాయామం తర్వాత, ముందు ఇవి అడుగుతున్నాను. గుండీలు పెట్టుకోగలుగుతున్నారా? అన్నం కలుపుకోవడం, సంతకం, పువ్వులు కట్టడం మారాయా? చీకట్లో నడక తూలుతోందా? మూత్రం మీద అదుపు తప్పుతోందా? చేతిలోకి తిమ్మిరి దిగుతోందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా నా రిజిస్టరు మూసేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పడ్డాక మొదలైన మెడనొప్పి, జ్వరంతో, బరువు తగ్గడంతో వచ్చే నొప్పి కూడా అంతే. ఎడమ భుజం, దవడ లాగుతూ చెమటలు పడితే, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి, అది గుండె కావచ్చు. వెంటనే ఆసుపత్రి. పొద్దున లేచేసరికి రెండు భుజాలూ గంటసేపు కొయ్యబారి ఉంటే పాలీమయాల్జియా అనే వేరే జబ్బు ఉంది, మందుకు బాగా లొంగుతుంది. దానితోపాటు కణతల్లో కొత్తగా తలనొప్పి వస్తే ఆలస్యం చేయకూడదు, చూపుకు ప్రమాదం. ఇంకొకరు ఎత్తినా చెయ్యి పైకి లేవకపోతే అది భుజం కీలు బిగుసుకోవడం, చక్కెర ఉన్నవారికి ఎక్కువ. దానికి వైద్యం వేరు.

మన సంఘం ఆఫీసులో ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున ఆ అమ్మాయి వచ్చి ఒక గంట కూర్చోవడానికి ఒప్పుకుంది. ఫీజు వద్దంది. చూపించుకున్నాకే నేర్చుకోండి. నేను పక్కన రిజిస్టరు రాస్తూ ఉంటాను. అందులో చేతికి ఒక కాలమ్ పెట్టాను.

కాఫీలు వస్తున్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. అవి వచ్చేలోపు ఒక్క పని. అందరూ కుడిచెయ్యి ముందుకు చాచండి. నేను పది సెకన్లు లెక్కపెడతాను. పిడికిలి పూర్తిగా బిగించి, వేళ్ళు పూర్తిగా తెరవండి, ఎంత త్వరగా చేయగలిగితే అంత త్వరగా, మీరే లెక్కపెట్టుకుంటూ. మామూలుగా ఇరవై దాకా రావాలి. కీళ్ళవాతం ఉన్నవారికి కాస్త తగ్గుతుంది, కంగారు పడొద్దు. తర్వాత ఎడమచెయ్యి. బాగా తక్కువ వచ్చినవారు, వేళ్ళు పూర్తిగా తెరుచుకోనివారు వెళ్ళేటప్పుడు నాకు పేరు ఇచ్చి వెళ్ళండి. మూడో వరసలో కూర్చున్న మా మిత్రులు కూడా చేయి చాచారు. సరే, మొదలుపెడదాం. ఒకటి...